పేరు తెలియని తీగపొద

మా హెర్బేరియంలో ముప్ఫై రెండు వేల ఎండుమొక్కలున్నాయి. ఒక్కోదాన్నీ పాత పేపర్ల మధ్య పెట్టి, బరువెక్కించి, ఆరబెట్టి, మందపాటి కాగితం మీద కుట్టి, కింద పేరు రాసి బీరువాలో పెడతాం. వాటిలో తొమ్మిది వేల పేర్లు నా చేతిరాతే. ఎవరు ఏ కొండ మీంచి ఏ కొమ్మ తెచ్చినా మా పరిశోధన కేంద్రంలో "కామేశంగారికి చూపించండి" అంటారు. అలాంటి నా పెరట్లో, బట్టలుతికే బండ పక్కన, నాకు పేరు తెలియని మొక్క మొలిచింది. మొలిచి ఊరుకోలేదు. ఏడాది తిరిగేసరికి జామచెట్టెక్కి, అక్కణ్ణుంచి దండెం మీదుగా వంటింటి కిటికీదాకా వచ్చేసింది.

మొదట్లో నేను దాన్ని పట్టించుకోలేదు. పెరటి మొక్కల్ని నేను మొక్కల కింద జమ కట్టను. మా వృత్తిలో అదొక పట్టింపు. కొండల్లోనో వాగు గట్టునో తనంతట తాను పుట్టినదానికే మా బీరువాలో చోటు. మనిషి పెంచినదానికి లేదు. కానీ ఒక ఆదివారం పొద్దున్న పళ్లు తోముకుంటూ దాని ఆకు తిప్పి చూశాను. అంతే, ఆరోజు కాఫీ చల్లారిపోయింది.

కింద నాలుగు కాండాలతో పొదలా లేచింది, పైన తీగలా పాకింది. కొన్ని ఆకులు మూడు పాయలు, కొన్ని గుండ్రం, ఒకే కొమ్మకి రెండూ. చిగురు రాగిరంగు. ఆకు వెనక నూగు. తుంచితే పాలు రావు, నలిపితే వాసన లేదు. పట్టుకుని ఎక్కడానికి నులితీగలూ లేవు, ముళ్లూ లేవు. ఏ కుటుంబంలో పెడదామన్నా ఒక లక్షణం ఒప్పుకుంటే రెండు అడ్డం తిరిగేవి. నెల రోజులు పుస్తకాలు తిరగేశాను. తలా తోకా దొరకలేదు.

చివరికి నామోషీ పక్కన పెట్టి ముగ్గురు పెద్దలకు ఫొటోలు పంపాను. ఒకాయన ఒక కుటుంబం పేరు చెప్పాడు. ఇంకొకాయన దానికి ఆమడ దూరంలో ఉన్న మరో కుటుంబం చెప్పాడు. మూడో ఆయన, నాకు పాఠం చెప్పినాయన, ఫోన్ చేసి మరీ తిట్టాడు. "ఆకులు పంపి పేరడుగుతావుటయ్యా? పువ్వేదీ?"

నిజమే. ఆకు ఎండకీ నీడకీ వేషం మారుస్తుంది. పువ్వు మార్చదు. పువ్వు లేని కొమ్మకి పేరు పెట్టకూడదని నేనే ముప్ఫై ఏళ్లుగా పిల్లలకి చెబుతున్నాను. కానీ ఈ మహాతల్లి ఏడాదిన్నరైనా ఒక్క మొగ్గ తొడగలేదు.

కడియం నర్సరీల్లో ముప్ఫై ఏళ్లుగా అంట్లు కట్టే వీరభద్రంగారిని ఒకరోజు తీసుకొచ్చాను. దీనికి రెండో మొక్క పుట్టించగలడేమోనని. ఆయన పొద చుట్టూ తిరిగి, ఒక ఆకు తెంపి, నోట్లో వేసుకుని నమిలాడు.

"చేదండి బాబూ. తిప్పతీగ చేదులాగుందండి."

నాకు నవ్వొచ్చింది. "నాలుకతో పేర్లు పెట్టేస్తే ఇంక మేమెందుకు వీరభద్రంగారూ? తిప్పతీగ ఆకు తమలపాకులా ఉంటుంది. దీన్ని చూడండి."

"ఆయ్, ఆకు వేరేనండి. చేదు మట్టుకు అదేనండి" అని ఆయన తన పని తాను చేసుకున్నాడు. పన్నెండు కొమ్మలు కోసి నాటాడు, నాలుగు గాలి అంట్లు కట్టాడు. నెలలో పదహారూ కుళ్లిపోయాయి. తిప్పతీగ ముక్క గోడ మీద పడేసినా బతుకుతుంది. దీని ముక్కని నీళ్లలో పెట్టి బతిమాలినా చచ్చింది. నా మాటే గెలిచిందని లోలోపల సంతోషించాను కూడా.

ఇదంతా ఒక ఎత్తు. మా ఆవిడ హైమవతి సంగతి ఇంకో ఎత్తు.

హైమకి ఆరేళ్లుగా ఎడమ దవడలో నరం నొప్పి. వచ్చినప్పుడు కరెంటు కొట్టినట్టు ఉంటుందంటుంది. మాట్లాడితే వస్తుంది, నమిలితే వస్తుంది, మొహం కడుక్కుంటే వస్తుంది, ఫాన్ గాలి తగిలినా వస్తుంది. ఒకసారి ఆపరేషన్ అయింది, ఏడాది బాగుండి మళ్లీ తిరగబెట్టింది. మళ్లీ చెయ్యలేమన్నారు. మాత్రలు వేసుకుంటే నొప్పి సగానికి వస్తుంది, మనిషి కూడా సగానికి వస్తుంది. గ్యాసు మీద పాలు పెట్టి మర్చిపోతుంది, మాట మధ్యలో ఆగి నా మొహం చూస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆవిడ మాటలకు తట్టుకోలేక నేను హెర్బేరియంలో ఇంకో గంట కూర్చునేవాణ్ణి. ఆరేళ్లుగా మా ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకోటి లేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే పెరట్లోంచి మాటలు వినిపించాయి. హైమ బండ మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటూ, గోడ అవతల పొరుగింటావిడతో మాట్లాడుతోంది. ఆవకాయలో ఆవపిండి పాళ్ల గురించి ఏదో పెద్ద తగువు. నేను వాకిట్లోనే ఆగిపోయాను. పదినిమిషాలు ఆవిడ ఎడతెరిపి లేకుండా మాట్లాడింది. ఆ తర్వాత పొరుగింటావిడ గోడ మీంచి అందించిన జంతిక తీసుకుని కొరికింది. ఎడమవైపే. ఆ చప్పుడు నాకు వాకిట్లోకి వినిపించింది.

"నొప్పి లేదా?" అన్నాను దగ్గరికెళ్లి.

"ఇక్కడ కూర్చుంటే ఉండదండీ. పది రోజులైంది."

"పది రోజులా? చెప్పలేదేం?"

"చెబితే పోతుందేమోనని భయమేసింది" అంది.

నేను దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. కుర్చీ తీసుకుని కొలతలు మొదలుపెట్టాను. ఆ పొదకి మూడు గజాల లోపు కూర్చుంటే పావుగంటలో నొప్పి పోతుంది. అయిదు గజాలు దాటితే అరగంటలో తిరిగొస్తుంది. ఆకులు కోసి పక్కన పెట్టినా, మరిగించినా, నూరి రాసినా లాభం లేదు. వేళ్ల మీద నిలబడి గాలి పీలుస్తున్న మొక్క అయితేనే పనిచేస్తుంది. కళ్లకి గంతలు కట్టి తిప్పి కూర్చోబెట్టాను కూడా. ఏడుసార్లకి ఏడుసార్లూ సరిగ్గా చెప్పింది. ఎనిమిదోసారి, "ఇంక చాల్లెండి, నేనేమన్నా ఎలకనా?" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో.

మంచం వంటింటి కిటికీ పక్కకి మార్చాం. హైమ మాత్రలు మానేసింది. అప్పడాలు నమిలింది. ఫోన్లో వాళ్ల చెల్లెలితో గంటలు గంటలు మాట్లాడింది. నా మీద అరిచింది. ఆ నాలుగు నెలలూ మా ఇల్లు ఇల్లులా ఉంది.

నేను మాత్రం స్థిమితంగా లేను. పెరట్లో ఉన్నది ఒక్కటే మొక్క. అదేమిటో తెలియదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, ఏం చేస్తోందో తెలియదు. మా ఆవిడ ప్రాణం ఆ తెలియనిదాని కొసకి వేలాడుతోంది.

ఆషాఢంలో ఈదురుగాలికి జామకొమ్మ విరిగి, సగం పొద నేలకొరిగింది. వీరభద్రంగారు వచ్చి కాండం గోకి చూశాడు. లోపల రంపపు పొట్టులాంటి పొడి రాలింది.

"పురుగు తొలిచేసిందండి. మందెయ్యొచ్చు గానీ, వచ్చే వేసవి చూత్తాదని చెప్పలేనండి" అన్నాడు.

"ఇంకోసారి అంటు కట్టి చూడండి."

"కడతానండి. కానీ దీని వాలకం చూత్తే మనసు పోవట్లేదండి మాస్టారూ."

ఈసారీ అన్నీ కుళ్లాయి. అప్పుడు నా బుర్రకి ఒకటే తోచింది. పేరు తెలియాలి. పేరు తెలిస్తే అది ఏ దేశపు అడవిలో పుడుతుందో తెలుస్తుంది, అక్కణ్ణుంచి పది మొక్కలు తెప్పించవచ్చు. పేరు కావాలంటే పువ్వు కావాలి. పువ్వు తెప్పించే దీపం నా పక్క గదిలోనే ఉంది.

ఆ దీపం డాక్టర్ నసీమాది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది, మా కేంద్రంలో అందరికంటే మొండిది. మామిడి రైతు నాటిన మొక్క కాపుకి అయిదేళ్లు ఎదురుచూడాలి కదా, ఆ అయిదేళ్లని తొమ్మిది రోజులు చెయ్యాలని ఆవిడ పట్టుదల. ట్యూబులైటంత పొడుగున, వంకాయ రంగులో వెలిగే దీపం. దాన్ని కొమ్మకి ఆనించి తొమ్మిది రోజులు వెలిగిస్తే, ఆ కొమ్మ తనకి వయసొచ్చిందని నమ్మేస్తుంది. పూస్తుంది. జానెడు మామిడి మొలక తలకి మించిన పూతతో ఊగడం నేను కళ్లారా చూశాను. కొంచెం భయం కూడా వేసింది.

"ఒక్క కొమ్మకే పెడితే ఆ ఒక్క కొమ్మే పూస్తుందా?" అని అడిగాను.

"మామిడికీ జీడిమామిడికీ నిమ్మకీ అంతే సార్. వెలుగు పడ్డచోటే పూత. మిగతా చెట్టుకి కబురే తెలీదు. మీదేం చెట్టు?"

"అది తెలియకే కదా నీ దగ్గరకొచ్చింది."

నసీమా నా వైపు కుర్చీ తిప్పింది. "ఓసారి వచ్చి చూడనా?"

అక్కడే నేను తప్పు చేశాను. రమ్మంటే సరిపోయేది. కానీ పేరు పెట్టే పని నాది. నా పెరటి మొక్కని దీపాలు చేసేవాళ్లొచ్చి చూడటమేమిటని నాకు ఎక్కడో చిన్నతనంగా అనిపించింది. "పువ్వొచ్చాక చూద్దువుగాని" అన్నాను.

హైమ ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడ పొద పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"పేరు తెలిస్తే నా నొప్పి ఇంకాస్త తగ్గుతుందా?"

"అది కాదు హైమా. ఇది చచ్చిపోతే?"

"చచ్చిపోయేదాకా ఉంటుంది కదండీ. దాని మానాన దాన్ని ఉండనివ్వండి. మీకు పేరు తెలియదు గానీ, నాకు అదెవరో తెలుసు."

"ఒక్క కొమ్మ. చివర ఉన్న ఒక్క కొమ్మకే పెడతాను."

హైమ చిక్కుడుకాయల వైపు చూస్తూ, "మీ ఇష్టం" అంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ 'మీ ఇష్టం' అన్న ప్రతిసారీ దాని అర్థం వద్దనే. అది నాకు తెలుసు. తెలిసే, ఆ సాయంత్రం దీపం తెచ్చి దండెం చివర కొమ్మకి కట్టాను.

రోజూ పొద్దున్నే వెళ్లి భూతద్దంతో చూసేవాణ్ణి. ఆరోరోజు కణుపుల దగ్గర ఆవగింజంత బొడిపెలు లేచాయి. నాకు పట్టరాని సంతోషం. ఎనిమిదోరోజు అవి దీపం లేని కొమ్మల మీద కూడా కనిపించాయి. నేను కళ్లు నలుపుకుని మళ్లీ చూశాను. జామచెట్టు మీద, కిటికీ చువ్వల మీద, కింద మొదలు దగ్గర, ఎక్కడ చూసినా అవే. దీపం విప్పేశాను. తొమ్మిదోరోజు తెల్లారేసరికి పొద మొత్తం పూసింది. ఆకు కనపడకుండా పసుపుపచ్చ నూక చల్లినట్టు, ఒంటినిండా పూత.

"ఒక్క కొమ్మే అన్నారు" అంది హైమ కిటికీలోంచి.

నిజం ఒప్పుకోవాలంటే, ఆ క్షణంలో నాకు భయం కంటే ఆత్రమే ఎక్కువగా ఉంది. ఒక గుత్తి తెంపి, వరండాలో కూర్చుని, సూదితో విప్పాను. ఆరు రేకులు. ఆరు కేసరాలు. ఒక్కో రేకూ ఒక్కో కేసరాన్ని ఒళ్లో పెట్టుకుని చుట్టుకుంది. అండాశయం లేదు, అంటే మగపువ్వు. ఇంకో పువ్వు విప్పాను. ఇంకోటి. పాతిక విప్పాను, అన్నీ మగవే.

ఆ పువ్వు నాకు తెలుసు. మొదటి సంవత్సరం పిల్లలు కూడా గుర్తుపడతారు. అది తిప్పతీగ.

నాకేమీ అర్థం కాలేదు. ప్రతి వేపచెట్టు మీదా కనిపించే తిప్పతీగకి ఈ ఆకులేమిటి, ఈ నూగేమిటి, ఈ పొదేమిటి? పువ్వు ఒక మాట చెబుతోంది, మిగతా ఒళ్లంతా ఇంకో మాట చెబుతోంది. ముప్ఫై ఏళ్లుగా నేను నమ్ముకున్న శాస్త్రం నన్ను వెక్కిరిస్తున్నట్టుంది. ఆ గుత్తి పట్టుకుని స్కూటరెక్కాను.

నసీమా పువ్వు చూడలేదు. దానితో పాటు ఉన్న ఆకు చూసింది. చూసి కుర్చీలో కూర్చుండిపోయింది.

"సార్, మీరు పెరట్లోకి మన కేంద్రం ఎరువు తీసుకెళ్లారా?"

"రెండేళ్ల కిందట. ఆరు బస్తాలు. వంగమళ్లకి."

ఆవిడ లేచి, బీరువా అడుగునుంచి ఒక నోటుపుస్తకం తీసింది. మామిడి జోలికి వెళ్లకముందు ఆవిడ దీపాన్ని తిప్పతీగ మీద పరీక్షించింది. విత్తు మొలవగానే దీపం, కాయ పండేదాకా అదే దీపం, వెంటనే మళ్లీ విత్తు. ఇరవై రోజులకో తరం. అలా రెండేళ్ల పైచిలుకులో నలభై ఒక్క తరాలు నడిపింది. పోనుపోను ఆకులు మారాయి, కాండం మారింది. కొమ్మ నాటితే బతికే గుణం పోయింది. నలభై ఒకటో తరం మొక్కల ఫొటో ఆ పుస్తకంలో అతికించి ఉంది. మూడు పాయల ఆకు, రాగిరంగు చిగురు.

"ఇవి తీగజాతి కదా సార్, కొసకి చెప్పిన మాట మొదలుదాకా వెళ్లింది. ఒక కొమ్మకి దీపం పెడితే అన్నీ పూశాయి" అంది నసీమా.

"పూశాక?"

ఆవిడ పుస్తకం నా వైపు తిప్పింది. చివరి పేజీలో మూడు మాటలున్నాయి. 'పూసి, నల్లబడి, పోయాయి.' కింద తేదీలున్నాయి. పూసిన మూడోరోజుకల్లా అన్నీ చచ్చాయి. తొందర తొందరగా పూయడం నేర్చుకున్న వంశానికి పూశాక బతకడం చేతకాలేదు. ప్రయోగం విఫలమని రాసి, మిగిలిన కాయలూ గింజలూ ఎరువు గుంటలో పోయించింది. నొప్పి ఉన్నవాళ్లెవరూ వాటి పక్కన కూర్చోలేదు కాబట్టి, అవి గాలిలోకి ఏం వదులుతున్నాయో ఎవరికీ తెలియలేదు.

"ముప్ఫయ్యో తరం కొమ్మ ఒకటి మీ దగ్గరకి తెచ్చాను సార్, గుర్తుందా? షీటు వేసి బీరువాలో పెట్టమన్నాను."

గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బాగుండును. నేను తలెత్తి కూడా చూడలేదు. "గదిలో పుట్టినదానికి నేను షీటు వెయ్యనమ్మా" అని పంపేశాను. ఆ ఒక్క షీటు వేసి ఉంటే, పెరట్లో మొదటి ఆకు చూసిన రోజే నాకు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసేవి. దానికి దీపం చూపించకూడదనీ తెలిసేది. కొండల్లో వెతికాను, పరదేశపు పుస్తకాల్లో వెతికాను, నా పక్క గదిలో వెతకలేదు. వీరభద్రంగారు ఆకు నమిలి పేరు చెబితే నవ్వాను. ఆ తీగని పురుగు చంపలేదు, గాలి చంపలేదు. నేను చంపాను.

"పువ్వులు మగవే కదా. పుప్పొడి ఉంటుంది, ఆడతీగకి అద్దుదాం" అంది నసీమా. ఆవిడ అప్పటికే గాజుసీసాలు సంచిలో వేసుకుంటోంది.

ఆ రెండు రోజులు మేమిద్దరం పెరట్లోనే ఉన్నాం. పువ్వుల్ని కాగితం మీద దులిపి పొడి పట్టాం, సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాం. మా కేంద్రం ఆవరణలో వేపచెట్టు మీద మామూలు ఆడ తిప్పతీగ ఉంది. దానికి దీపం కట్టాం. అది పూసేసరికి మా పొద ఉండదని ఇద్దరికీ తెలుసు. పన్నెండోరోజు పొద్దున్న ఆకులు మొత్తం నల్లబడ్డాయి. సాయంత్రానికి ముట్టుకుంటే రాలిపోయాయి.

హైమ ఆ రాలిన ఆకుల్ని చీపురుతో ఒకచోటికి పోగుచేసింది. చేస్తూ చేస్తూ ఆగి, ఎడమ చెంపకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, బండ మీద కూలబడింది. నేను పరిగెత్తాను. నన్ను దగ్గరికి రావద్దని చేత్తో ఆపింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికి కూడా నోరు తెరవలేని స్థితికి నేనే తెచ్చాను.

మళ్లీ మాత్రలు. మళ్లీ ఫ్రిజ్ చప్పుడు.

వేపచెట్టు మీది తీగ పూసింది, సీసాల్లోని పొడి అద్దాం, నెలన్నరకి ఎర్రటి కాయలు పండాయి. గింజలు నాటితే అరవై ఒకటి మొలిచాయి. సంక్రమించింది సగం రక్తమే కాబట్టి ఏ మొక్కకి ఏ గుణం వచ్చిందో తెలియదు. కొన్నిటికి తమలపాకు లాంటి ఆకు, కొన్నిటికి మూడు పాయలు, కొన్నిటికి రెండూ కాని వింత ఆకు. మూడు నెలలకి కుండీల్లో మూరెడు ఎదిగాయి. నసీమా వాటిని మా వరండాలోకి చేర్పిస్తుంటే హైమ బల్ల దగ్గర కూర్చుని చూస్తోంది.

"మిషన్లో పెట్టి చూడొచ్చు కదా, ఏది ఆ గాలి వదులుతోందో?" అన్నాను.

"ఏం వెతకాలో తెలిస్తే కదా సార్ మిషను వెతికేది. ఒక్కో ఆకు రెండు మూడు వందల రకాలు వదులుతుంది. వాటిలో ఏది పనిచేసిందో చెప్పడానికి పాత మొక్క లేదు." నసీమా హైమ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

హైమకి అర్థమైంది. ఆ మొక్కని గుర్తుపట్టగలిగేది ప్రపంచంలో ఒక్క ఆవిడ దవడే. మాత్ర వేసుకుంటే, తగ్గింది మొక్క వల్లో మాత్ర వల్లో తెలియదు. బల్ల మీది కాగితం లాక్కుని రాసింది. 'మాత్రలు మానేస్తాను.'

"వద్దు" అన్నాను. "అరవై ఒక్క రోజులు. రోజుకి రెండు గంటలు. మందు లేకుండా. నేనొప్పుకోను."

హైమ పెన్ను కింద పెట్టి, నొప్పిని లెక్కచెయ్యకుండా నోరు తెరిచింది. "మీరు మీ పువ్వు కోసం చేశారు. నేను నా కోసం చేసుకోకూడదా?"

మాత్రల డబ్బా తీసి బీరువాలో పెట్టాను.

చిన్నగదికి తలుపులూ కిటికీలూ మూసి, ఫాన్ ఆపి, రోజుకొక కుండీ లోపల పెట్టేవాణ్ణి. హైమ దాని పక్కన రెండు గంటలు కూర్చునేది. నేను మూల స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి. బయటికొచ్చాక అడ్డంగా తల ఊపేది. నేను పట్టీలో ఆ నంబరు ఎదురుగా 'కాదు' అని రాసేవాణ్ణి. మూడు పాయల ఆకులవాటి మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. వాటిని ముందే పెట్టాను. పద్నాలుగూ కాదన్నాయి. దాంతో ఆకుని చూసి ఏదైనా చెప్పగలనన్న ధైర్యం కూడా పోయింది. ఇప్పుడు నేను చేసే పని కుండీలు మొయ్యడం, 'కాదు' అని రాయడం. వీరభద్రంగారు వచ్చినప్పుడల్లా ఒక్కో ఆకూ నమిలి, "అన్నీ చేదేనండి బాబూ, ఏం చేత్తామండి" అని దిగులుగా వెళ్లేవాడు.

నలభై రెండో రోజు హైమ గంటన్నరకే తలెత్తింది.

"ఇదేనండి" అంది.

నేను స్టూలు మీంచి లేచిన వేగానికి అది పడిపోయింది. ఆకులు తమలపాకుల్లా ఉన్న మామూలు మొక్క అది. ఏమాత్రం అనుమానం రానిది. నసీమాకి చెబుదామని ఫోన్ తీశాను. నంబరు నొక్కబోతూ మళ్లీ హైమ వైపు చూశాను.

ఆవిడ నవ్వుతోంది. కానీ కుడివైపు పెదవే కదిలింది. కాలివేళ్లు గచ్చుని పట్టుకుని ఉన్నాయి.

"నిజంగానా?"

"నిజంగానే."

"అయితే ఫాన్ వేస్తాను. ఉక్కగా ఉంది."

ఒక్క క్షణం ఆలస్యంగా, "వెయ్యండి" అంది. నేను స్విచ్చి దగ్గరికి వెళ్లేలోగా గట్టిగా కళ్లు మూసుకుంది.

నేను స్విచ్చి వెయ్యలేదు. వచ్చి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఎందుకలా చెప్పావు?"

హైమ కళ్లలోంచి నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి. "అద్దంలో మిమ్మల్ని మీరు చూసుకున్నారా? మనిషి సగమైపోయారు. మూల కూర్చుని నా మొహంకేసి చూస్తుంటే, నాకు నా నొప్పికంటే మీ చూపే భరించలేకుండా ఉంది." ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అంది. "ఇదే అని రాసేసుకోండి. కిటికీ దగ్గర పెడదాం. నాకు తగ్గిందనే అనుకోండి. నేను ఎవరికీ చెప్పను."

నేను ఏడ్చాను. యాభై నాలుగేళ్ల మగాణ్ణి, కుండీ పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. రాసేస్తే ఎంత హాయిగా ఉంటుందో ఆ క్షణంలో నాకు తెలిసింది. కిటికీలో ఒక మొక్క, ఇంట్లో క్షమించేసిన భార్య. ఆవిడ మాత్రం నోరు మూసుకుని నవ్వుతూ బతికినన్నాళ్లూ నొప్పి మింగుతుంది.

పట్టీ తీసి, నలభై రెండు ఎదురుగా 'కాదు' అని రాశాను. రాసి ఆవిడకి చూపించాను.

"ఇది కాదు హైమా. ఇంకా పందొమ్మిది ఉన్నాయి. ఈసారి నాకోసం ఒక్కటి కూడా చెప్పకు."

హైమ పట్టీలో ఆ మాట చదివింది. తర్వాత కొంగుతో కుడిచెంప మాత్రం తుడుచుకుని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అయితే రేపటిదాకా ఎందుకు? నలభై మూడోది ఇప్పుడే తెండి" అంది.

తెచ్చి పెట్టి, ఈసారి గోడవైపు తిరిగి కూర్చున్నాను.